మూడు వందల డాలర్ల మనుషులు

పోయిన సంచికలో అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ దగ్గర ఆగాం. 1863 జులై మొదటి మూడు రోజుల్లో అక్కడి పొలాల్లో పడిన పీనుగులను పూడ్చడం ఇంకా పూర్తి కాలేదు. జులై 11, శనివారం. న్యూయార్క్‌లో మూడో అవెన్యూ, 46వ వీధి కలిసే మూలన ఒక ఆఫీసులో పీపా ఒకటి గుండ్రంగా తిప్పుతున్నారు. అందులో చీటీలు. చీటీకొక మగవాడి పేరు, వాడుండే ఇంటి చిరునామా. ఒకరు తీస్తారు, ఒకరు గట్టిగా చదువుతారు. పేరొచ్చినవాడు సైన్యంలో చేరాలి. సాయంత్రానికి 1,200కు పైగా పేర్లు చదివారు. బయట జనం పోగయ్యారు గాని గొడవేమీ జరగలేదు. తెలిసినవాడి పేరొస్తే నవ్వుకున్నారు, వీపు చరిచారు. అధికారులు గండం గడిచిందనుకుని ఆదివారం సెలవు పుచ్చుకున్నారు.

ఆ సెలవే కొంప ముంచింది. ఆదివారం పత్రికల్లో పేర్ల జాబితా అచ్చయింది. చదువొచ్చినవాళ్లు సారాకొట్లలో కూర్చుని రానివాళ్లకు చదివి వినిపించారు. జాబితాలో ఉన్నవాళ్లంతా కూలీలు, కమ్మర్లు, వడ్రంగులు, బండివాళ్లు. ధనవంతుల పేర్లు ఒకటీ అరా ఉన్నా వాళ్లు వెళ్లక్కర్లేదని అందరికీ తెలుసు.

ఎందుకో చెప్పాలంటే ఆ చట్టం సంగతి చూడాలి. మార్చి 3న లింకన్ సంతకం పెట్టిన నిర్బంధ సైనిక భర్తీ చట్టం అది. 20 నుంచి 45 ఏళ్ల మగవాళ్లందరి పేర్లూ రాసుకుంటారు. చీటీ పడితే మూడేళ్ల కొలువు. అయితే రెండు దొడ్డిదారులు వదిలారు. తన బదులు ఇంకొకణ్ని పంపవచ్చు. లేదా 300 డాలర్లు కట్టి ఆ విడతకు తప్పించుకోవచ్చు. రేవులో మూటలు మోసేవాడికి ఆరోజుల్లో రోజుకు డాలరు, మహా అయితే డాలరున్నర. పని దొరకని రోజులు తీసేస్తే 300 డాలర్లంటే ఏడాది సంపాదన. తర్వాతి కాలంలో అమెరికా బ్యాంకులన్నిటికీ పెద్దదిక్కైన జె.పి. మోర్గాన్ డబ్బిచ్చి బదులు మనిషిని పెట్టుకున్నాడు. ముందుముందు అధ్యక్షుడు కాబోయే గ్రోవర్ క్లీవ్‌లాండ్ కూడా అంతే. బాగా బట్టలు కట్టుకున్నవాడు వీధిలో కనబడితే, అడుగో మూడు వందల డాలర్ల మనిషి అని కేకలెయ్యడం ఆ వారంలోనే మొదలైంది.

ఇంకో మెలిక ఉంది. ఆ చీటీల్లో నల్లవాళ్ల పేర్లు లేవు. వాళ్లు పౌరులే కారని 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. పౌరుల్నీ, పౌరసత్వానికి అర్జీ పెట్టుకున్న వలసవాళ్లనీ మాత్రమే లెక్కించిన ఈ చట్టం వాళ్ల జోలికి పోలేదు. హక్కు లేదని వెలివేసినవాళ్ల మీద, బాధ్యత లేకుండా బతుకుతున్నారని పళ్లు నూరడం ఇక్కడి విచిత్రం. ఆ ఏడాది జనవరి 1న లింకన్ బానిస విముక్తి ప్రకటన చేశాక ఈ మంట ఇంకా పెరిగింది. దక్షిణాదిలో బానిస ఖరీదు వెయ్యి డాలర్లు, మన ప్రాణం ఖరీదు మూడు వందలేనా అన్న లెక్క సారాకొట్లలో పుట్టి పత్రికల్లోకి ఎక్కింది.

ఈ కోపమంతా ఎక్కడ ఉడికింది అంటే పాత పుస్తకాలన్నీ ఒకే చోటు చూపిస్తాయి: ఫైవ్ పాయింట్స్. అది సగమే నిజం. ఆ సగం ఏమిటో చూడడానికి ఒకసారి ఆ పేటకు వెళ్లి రావాలి.

మాన్‌హాటన్ దక్షిణ కొసన ఒకప్పుడు మంచినీళ్ల చెరువు ఉండేది. పేరు కలెక్ట్. ఊరంతా ఆ నీళ్లే తాగేది. దాని గట్టున తోళ్లు ఊనే తొట్లు, కబేళాలు, బీరు బట్టీలు వెలిశాయి. పద్దెనిమిదో శతాబ్దం చివరికి అది కంపుకొట్టే మడుగైంది. పక్క గుట్టలు తవ్వి ఆ మట్టితో 1811 ప్రాంతంలో పూడ్చేశారు. పైన వీధులు వేసి ప్లాట్లు చేసి అమ్మారు. చెరువు పూడ్చి కట్టిన ఇళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే. నేల కుంగింది, గోడలు ఒరిగాయి, నేలమాళిగల్లోకి నీరూరింది. ఉన్నవాళ్లు మెల్లగా ఖాళీ చేసి ఎగువకు పోయారు. మిగిలిన ఇళ్లను యజమానులు గదులుగా, గదుల్ని వాటాలుగా చీల్చి అద్దెకిచ్చారు. ఆరెంజ్, క్రాస్, ఆంథొనీ అనే మూడు వీధులు కలిసిన చోట అయిదు మూలలు ఏర్పడ్డాయి. ఆ మూలలే పేటకు పేరయ్యాయి.

చెరువు ఒడ్డునున్న కౌల్టర్డ్ బీరు బట్టీని 1837లో జనం ఉండే కొంపగా మార్చారు. ఓల్డ్ బ్రూవరీ అన్నారు దాన్ని. కిటికీలు లేని గదుల్లో ఐరిష్ కుటుంబాలు, నల్ల కుటుంబాలు వందల సంఖ్యలో కాపురాలున్నాయి. అక్కడ పదిహేనేళ్ల పాటు రాత్రికొక హత్య జరిగిందని ఒక కథ ఇప్పటికీ తిరుగుతోంది. 1927లో హెర్బర్ట్ ఆస్బరీ రాసిన ‘గ్యాంగ్స్ ఆఫ్ న్యూయార్క్’ దాన్ని ఊరూరా మోసింది. నగరం మొత్తం మీద కూడా ఆ రోజుల్లో ఏడాదికి అన్ని హత్యలు జరగలేదు. 1852లో మెథడిస్టు సంఘపు స్త్రీలు ఆ బట్టీని కొని, కూలగొట్టించి, ఆ జాగాలో మిషన్ భవనం కట్టారు. కలరా వచ్చినప్పుడల్లా, 1832లోనూ 1849లోనూ, ఈ పేట మీదే మొదటి దెబ్బ పడింది. దాన్ని దేవుడి శిక్షగా చెప్పుకున్న పెద్దమనుషులు ఆ నీళ్లు ఒకసారి తాగి చూస్తే తెలిసేది.

1842లో చార్లెస్ డికెన్స్ ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకుని ఇక్కడికొచ్చాడు. చూసినదంతా అసహ్యంతో రాశాడు, ఒక్కచోట తప్ప. పీట్ విలియమ్స్ అనే నల్లాయన నడిపే ఆల్‌మాక్స్ నాట్యశాలలో ఒక కుర్రాడు ఆడిన ఆటకు ముగ్ధుడైపోయాడు. ఆ కుర్రాడు విలియం హెన్రీ లేన్ అని, జూబా పేరుతో ప్రసిద్ధికెక్కాడని చెబుతారు. ఐరిష్ జిగ్ అడుగులూ ఆఫ్రికా అడుగులూ ఒకే చెక్కనేల మీద కలిసి పుట్టిన ఆటను ఈనాడు ట్యాప్ డాన్స్ అంటున్నాం. అది పుట్టిన చోట్లలో ఇదొకటి. రెండేళ్ల తర్వాత జూబా జాన్ డైమండ్ అనే ఐరిష్ ఆటగాడితో పందేలు కట్టి ఆడాడు. టిక్కెట్లు కొని జనం విరగబడి చూశారు.

ఐరిష్, నల్ల కుటుంబాలు ఒకే వీధిలో ఉన్నాయి, ఒకే పంపు దగ్గర నీళ్లు పట్టుకున్నాయి, పెళ్లిళ్లు కూడా చేసుకున్నాయి. చూడవచ్చిన పెద్దమనుషులకు అన్నిటికన్నా కంటగింపు ఈ చివరిదే. వాళ్ల రాతల్లో మురికికంటే ఈ కలివిడి మీద ఎక్కువ సిరా ఖర్చయింది.

1991లో ఫోలీ స్క్వేర్ దగ్గర ఫెడరల్ కోర్టు భవనానికి పునాదులు తవ్వుతుంటే ఈ పేట నేలలోంచి బయటపడింది. రెబెకా యామిన్ నాయకత్వంలో పురావస్తు బృందం దాదాపు 8.5 లక్షల వస్తువుల్ని జాగ్రత్త చేసింది. పాత మరుగుగుంటల్లో ఇంగ్లాండు స్టఫర్డ్‌షైర్ కప్పులూ సాసర్లూ, పిల్లల ఆటవస్తువులూ, సూదులూ గుండీలూ, కోసి తిన్న మాంసం ఎముకలూ దొరికాయి. పొద్దంతా మూటలు మోసినవాడి పెళ్లాం సాయంత్రం మంచి కప్పులో టీ పోసిందన్నమాట. ఐర్లాండులో మద్యపాన వ్యతిరేకోద్యమం నడిపిన ఫాదర్ మాథ్యూ బొమ్మ ఉన్న కప్పు కూడా వాటిలో ఉంది. ఈ వస్తువుల్ని వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఆరో భవనం నేలమాళిగలో దాచారు. 2001 సెప్టెంబరు 11న అన్నీ పోయాయి. ప్రదర్శనకని ముందే వేరేచోటికి పంపిన 18 మాత్రం మిగిలాయి.

అంతకంటే గట్టి సాక్ష్యం పద్దుపుస్తకాల్లో ఉంది. 1850లో ఐరిష్ వలసవాళ్ల కోసం పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంకు ఖాతాల్ని చరిత్రకారుడు టైలర్ ఆన్‌బిండర్ తిరగేశాడు. కెర్రీ జిల్లాలో లాన్స్‌డౌన్ ప్రభువు ఎస్టేటు నుంచి, కరవులో ఒంటిమీద గుడ్డ కూడా సరిగా లేకుండా ఓడెక్కించిన రైతుకూలీలు వాళ్లలో ఉన్నారు. ఫైవ్ పాయింట్స్ ఇరుకుగదుల్లో ఉంటూ వాళ్లలో చాలామంది కొన్నేళ్లలో వందల డాలర్లు కూడబెట్టారు. ఇది చదివాక ఈ పేటను తాగుబోతుల దిబ్బ అని కొట్టిపారెయ్యడం కష్టం.

మరి గీత గీసిందెవరు?

న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827 జులై 4న పూర్తిగా రద్దయింది. దానికి ఆరేళ్ల ముందే, 1821లో, కొత్త రాజ్యాంగం రాసుకుంటూ ఓటు దగ్గర ఒక తిరకాసు పెట్టారు. తెల్లవాడికి ఆస్తి ఉండాలన్న నియమం సడలించారు. నల్లవాడికి మాత్రం 250 డాలర్ల ఆస్తి ఉండాలన్నారు. ఓటున్న పేదవాడు, ఓటులేని పేదవాడు అని రెండు జాతులు అలా తయారయ్యాయి. ఓడ దిగిన ఐరిష్‌వాడికి డెమొక్రటిక్ పార్టీ నగర యంత్రాంగమైన టామనీ హాల్ నాయకుడు పౌరసత్వ కాగితం ఇప్పిస్తాడు, పని చూస్తాడు, చలికాలం బొగ్గు పంపిస్తాడు, ఓటు తీసుకుంటాడు. పక్కవాటాలో ఉన్న నల్లాయన దగ్గర తీసుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఆయన గుమ్మం ఎవరూ తొక్కరు. నగరంలో బండి తోలే లైసెన్సు కూడా నల్లవాళ్లకు దక్కనిచ్చేవారు కాదు. 1854లో ఎలిజబెత్ జెన్నింగ్స్ అనే నల్ల ఉపాధ్యాయురాలు చర్చికి వెళుతూ ట్రామెక్కితే, ఇదే పేట పొరుగున, కిందికి ఈడ్చేశారు. ఆమె కోర్టుకెళ్లి గెలిచింది. ఆమె తరఫున వాదించిన కుర్ర వకీలు చెస్టర్ ఆర్థర్ తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు.

గుంపులు ఇళ్ల మీద పడడం కూడా 1863లో కొత్తగా వచ్చింది కాదు. 1834 జులైలో నగరం ఒక రిహార్సల్ చూసింది. బానిసత్వ రద్దు కోరే వ్యాపారి లూయిస్ టాపన్ ఇల్లు పగలగొట్టి సామాను వీధిలో తగలబెట్టారు. సెంటర్ స్ట్రీట్‌లో నల్లవాళ్ల సెయింట్ ఫిలిప్స్ చర్చిని నాశనం చేశారు. ఫైవ్ పాయింట్స్‌లో తెల్లవాళ్లు కిటికీలో దీపం పెట్టుకోవాలని కబురు పంపారు. దీపం లేని ఇంటి మీద రాళ్లు పడ్డాయి. కలిసి ఉన్న వీధిలో ఏ ఇల్లు ఎవరిదో తేల్చుకోవడానికి బయటి గుంపుకు గుర్తు కావలసి వచ్చిందని ఇక్కడ గమనించాలి. ఇంత జరిగాక ఆ చర్చి బిషప్ చేసిందేమిటంటే, బానిసత్వ వ్యతిరేక సంఘానికి రాజీనామా ఇమ్మని పాస్టరు పీటర్ విలియమ్స్‌నే అడిగాడు. ఆయన ఇచ్చాడు.

న్యూయార్క్ వ్యాపారులకు దక్షిణాది పత్తి మీద ఉన్న ప్రేమ వేరు. పత్తికి అప్పులిచ్చింది, ఓడలెక్కించింది, బీమా చేసింది ఈ నగరమే. దక్షిణాది విడిపోతుంటే 1861 జనవరిలో మేయర్ ఫెర్నాండో వుడ్, మన నగరం కూడా విడిపోయి స్వతంత్రంగా ఉంటే పోలేదా అని ప్రతిపాదించాడు. యుద్ధంతో ఆ పత్తి ఆగిపోయింది. లాంకషైర్ మిల్లులు దిక్కుతోచక మనవైపు చూశాయి. కృష్ణా, గుంటూరు నల్లరేగడి పత్తికి ఎన్నడూ లేని ధర పలికిందీ, కాకినాడ రేవు పుంజుకున్నదీ ఆ నాలుగేళ్లలోనే. ఒక రేవులో పని తగ్గితే ఇంకో రేవులో పెరిగింది.

న్యూయార్క్ రేవులో పని తగ్గినప్పుడు కూలి కోసం కొట్లాట పెరిగింది. 1860 లెక్కల్లో నగర జనాభా 8 లక్షల పైచిలుకు. అందులో 2 లక్షల మందికి పైగా ఐర్లాండులో పుట్టినవాళ్లు. నల్లవాళ్లు సుమారు 12,500. ఇంత కొద్దిమంది అంతమంది కూలి లాక్కోవడం ఏ లెక్కన చూసినా కుదరదు. కాని సమ్మె జరిగినప్పుడు కొన్నిసార్లు యజమానులు నల్లకూలీలను తెచ్చి దించారు. విముక్తి ప్రకటనతో లక్షలమంది బానిసలు ఉత్తరాదికి వచ్చి పడతారని, మీ నోటి దగ్గర కూడు లాక్కుంటారని డెమొక్రటిక్ పత్రికలు వారంవారం రాశాయి. కరవు చూసి వచ్చినవాడికి ఆ మాట చెవిలో ఎలా మోగుతుందో రాసినవాళ్లకు బాగా తెలుసు.

సోమవారం, జులై 13. పొద్దున్నే కార్ఖానాలు మూయిస్తూ జనం ఉత్తరంగా నడిచారు. పదిన్నర ప్రాంతంలో మూడో అవెన్యూ ఆఫీసులో పీపా మళ్లీ తిరగడం మొదలైంది. బ్లాక్ జోక్ అని పేరున్న 33వ నంబరు అగ్నిమాపక దళం ముందు నిలిచి దాడి చేసింది. నిప్పు ఆర్పాల్సినవాళ్లే నిప్పు పెట్టారు. పోలీసు సూపరింటెండెంట్ జాన్ కెనెడీ మామూలు బట్టల్లో చూడటానికొచ్చి దొరికిపోయాడు. మొహం గుర్తుపట్టలేనంతగా కొట్టారు. నగరంలోని పటాలాలు చాలావరకు పెన్సిల్వేనియాలో ఉన్నాయి. అడ్డుకోవడానికి మిగిలింది పోలీసులు. వాళ్లలో ఎంతోమంది ఐరిష్‌వాళ్లే. ఆ నాలుగు రోజులూ తమ వీధులవాళ్ల మీదే లాఠీ ఎత్తి నిలబడ్డారు. ఇది ఎందుకో మన పుస్తకాల్లోకి పెద్దగా ఎక్కలేదు.

మధ్యాహ్నం దాకా అది సైనిక భర్తీ మీద తిరుగుబాటు. టెలిగ్రాఫ్ తీగలు తెంపారు, పట్టాలు పీకారు. నాలుగు గంటలయ్యేసరికి ఇంకోటైంది.

అయిదో అవెన్యూ మీద, 43, 44 వీధుల మధ్య నల్లపిల్లల అనాథాశ్రమం ఉండేది. 1836లో క్వేకర్ స్త్రీలు స్థాపించారు. ఆ రోజు అందులో 233 మంది పిల్లలున్నారు. వాళ్ల డాక్టరు జేమ్స్ మెక్కూన్ స్మిత్. అమెరికాలో ఏ వైద్య కళాశాలా చేర్చుకోకపోతే గ్లాస్గో వెళ్లి 1837లో పట్టా తెచ్చుకున్నవాడు. వైద్య పట్టా పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. గుంపు ముందు తలుపులు గొడ్డళ్లతో పగలగొడుతుంటే సూపరింటెండెంట్ విలియం డేవిస్, మేట్రన్ జేన్ మెక్లెల్లన్ పిల్లల్ని వరసకట్టించి వెనక తలుపు గుండా 44వ వీధిలోకి నడిపించారు. లోపల మంచాలు, పరుపులు, తివాచీలు, పిల్లల బట్టలు ఎవరికి దొరికినవి వాళ్లు మోసుకుపోయారు. తర్వాత కింద నుంచి నిప్పు పెట్టారు. అగ్నిమాపక ప్రధానాధికారి జాన్ డెక్కర్ కొద్దిమందితో లోపల దూరి మంటలార్పితే బయటికి లాగి మళ్లీ అంటించారు.

పిల్లలు 35వ వీధి పోలీసు స్టేషన్ చేరారు. ప్రాణానికేం కాలేదు. మూడు రాత్రులు అక్కడే ఉండి గురువారం బందోబస్తుతో బ్లాక్‌వెల్ దీవికి వెళ్లారు. భర్తీ చట్టానికీ తల్లీతండ్రీ లేని పిల్లల పరుపులకూ ఏమిటి సంబంధం? ఎంత వెతికినా నాకొక్క జవాబే కనిపిస్తుంది. ఆ భవనం బాగుంది. అయిదో అవెన్యూలో ఉంది. పెద్దింటి తల్లులు దానికి చందాలిచ్చారు. తమ పిల్లలకు లేనిది వీళ్ల పిల్లలకు ఉందన్నది చూసినవాళ్ల కడుపుమంట. దాన్ని కట్టినవాళ్లనేమీ చెయ్యలేక, అందులో ఉన్నవాళ్ల మీద పడ్డారు.

ఆ సాయంత్రం నుంచి ఒంటరిగా దొరికిన నల్ల మగవాడికి దిక్కు లేకపోయింది. క్లార్క్‌సన్ వీధిలో విలియం జోన్స్‌ను చెట్టుకు ఉరితీసి కింద మంట పెట్టారు. చంకలో ఉన్న రొట్టెను బట్టి శవం ఎవరిదో పోల్చుకున్నారు. రొట్టె కొనడానికే బయటికొచ్చాడాయన. ఎబ్రహాం ఫ్రాంక్లిన్ అనే 23 ఏళ్ల అవిటి కోచ్‌మన్, తల్లి ఎలా ఉందోనని చూడటానికి వెళ్లాడు. ఇద్దరూ ప్రార్థన చేసుకుంటుండగా తలుపు పగలగొట్టి ఆమె కళ్లముందే ఈడ్చుకెళ్లి ఉరితీశారు. సైనికులు వచ్చి దింపారు. వాళ్లు వెళ్లగానే మళ్లీ వేలాడదీశారు. తర్వాత పదహారేళ్ల కుర్రాడొకడు శవాన్ని వీధుల్లో ఈడ్చుకు తిరిగాడు. పీటర్ హ్యూస్టన్ అసలు నల్లవాడే కాదు, మోహాక్ తెగ మనిషి. రంగు చూసి కొట్టారు, చనిపోయాడు. నల్లాయన్ను పెళ్లాడిన తెల్లామె ఆన్ డెరిక్సన్ కొడుకుకు అడ్డుపడి, ఆ దెబ్బలతో పోయింది. గుంపు మీద ఫిరంగి పేల్పించిన కర్నల్ హెన్రీ ఓబ్రయన్ ఐరిష్‌వాడే. అదే రోజు తన ఇంటి దగ్గర ఒంటరిగా దొరికితే గంటల తరబడి హింసించి చంపారు.

ఈ ఉరిచెట్లు, దీపస్తంభాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నగరపటం మీద గుర్తు పెట్టి చూస్తే నేను ముందన్న సగం నిజం తేలుతుంది. క్లార్క్‌సన్ వీధి పడమటి రేవుకు దగ్గర. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ముప్పై రెండో వీధులు ఎగువన కొత్తగా పెరిగిన కార్ఖానాల, అద్దెకొంపల ప్రాంతం. ఫైవ్ పాయింట్స్‌లోనూ, దాని పొరుగునా నల్లవాళ్ల వసతిగృహాల మీద దాడులు జరిగాయి, నిజమే. కాని పేరుమోసిన నరకకూపం ఆ వారం జరిగిన ఘోరాలకు రాజధాని కాలేదు. మార్టిన్ స్కోర్సేసీ 2002 సినిమాలో యుద్ధనౌకలు ఫైవ్ పాయింట్స్ మీద గుండ్లు కురిపిస్తాయి. అలాంటిదేమీ జరగలేదు. నలభై ఏళ్లు ఇరుగుపొరుగుగా ఉన్నచోట పొరుగువాణ్ని చంపడానికి చెయ్యి అంత తేలిగ్గా లేవదనిపిస్తుంది. ఇది నా ఊహ, దీనికి కొలబద్ద లేదు.

మంగళవారం గవర్నర్ హొరేషియో సేమూర్ సిటీ హాలు మెట్ల మీద నిలబడి గుంపును మిత్రులారా అని పిలిచాడు. అయిదేళ్ల తర్వాత అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ప్రత్యర్థులు ఈ ఒక్క మాటా పట్టుకుని ఉతికారేశారు. బుధ, గురువారాల్లో పటాలాలు తిరిగొచ్చాయి. ఇళ్ల మేడల మీద నుంచి రాళ్లు రువ్వినవాళ్ల మీద వీధివీధినా తుపాకులు పేలాయి. శుక్రవారం ముసలి ఆర్చ్‌బిషప్ జాన్ హ్యూస్ తన ఇంటి బాల్కనీలో కుర్చీలో కూర్చుని, పోగైన వేలమంది ఐరిష్‌వాళ్లను ఇళ్లకు పొమ్మన్నాడు. ఆపాటికి అంతా అయిపోయింది. నిర్ధారణ అయిన చావులు 100 దాటాయి. అందులో ఎక్కువమంది సైన్యం కాల్చిన గుంపులోనివాళ్లు. గుంపు చేతిలో చచ్చిన నల్లవాళ్లు 11 మంది అని లెక్క తేల్చారు.

శిక్ష పడింది 67 మందికి. భర్తీ చీటీలు ఆగస్టు 19న మళ్లీ తీశారు. ఈసారి వీధుల్లో 10 వేలమంది సైనికులున్నారు. అంతకన్నా గట్టి మందు టామనీ హాల్ కనిపెట్టింది. విలియం ట్వీడ్ వంటి నాయకులు ఉన్న కమిటీ ఒకటి వేసి, ప్రభుత్వ బాండ్లతో అప్పు తెచ్చి, చీటీ పడ్డ పేదల బదులు మనుషుల్ని కొనిపెట్టింది. మూడు వందల డాలర్లు లేనివాడికి నగరమే ఆ డబ్బు కట్టింది. గొడవకు మూలమని అందరూ చెప్పిన కారణం అలా ఒక్క తీర్మానంతో తీరిపోయింది. తీర్చగలిగినదాన్ని జులైకి ముందే ఎందుకు తీర్చలేదని అడిగినవాడు లేడు.

వ్యాపారులు నల్లకుటుంబాల సహాయానికి ఒక కమిటీ వేసి చందాలు పోగుచేశారు. ఎవరెవరిని ఎలా చంపారో ఈ రోజు మనకు ఇంత వివరంగా తెలుస్తున్నదంటే ఆ కమిటీ అచ్చువేసిన నివేదిక వల్లే. అనాథాశ్రమానికి నగరం నష్టపరిహారం ఇచ్చింది గాని పాత జాగాలో మళ్లీ కట్టడానికి పొరుగువాళ్లు ఒప్పుకోలేదు. ఆ పిల్లల ఆశ్రమం ఊరికి దూరంగా 143వ వీధికి పోయింది.

అద్దెకొంపల సంగతి కూడా పెద్దలకు అప్పుడే గుర్తుకొచ్చింది. ఈ గుంపులు ఏ బొరియల్లోంచి వచ్చాయో చూద్దామని పౌరసంఘం ఒకటి డాక్టర్లను ఇల్లిల్లూ తిప్పింది. 1865లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం సుమారు 5 లక్షల మంది, అంటే నగరంలో సగానికి పైగా, 15 వేల పైచిలుకు అద్దెకొంపల్లో ఉన్నారు. మరుసటి ఏడు నగరానికి ఆరోగ్య మండలి వచ్చింది. 1867లో అద్దె ఇళ్ల చట్టం వచ్చింది. ఇరవైమందికి ఒక మరుగుదొడ్డి, మంటలంటుకుంటే దిగడానికి మెట్లు ఉండాలంది. ఇంతకుముందు కలరా రెండుసార్లు వచ్చి వేలమందిని తీసుకుపోయినా రాని చట్టం, అయిదో అవెన్యూలో ఒక భవనం తగలబడ్డాక వచ్చింది. చెప్పాల్సిన మంచి కూడా చెప్పాలి: ఈ మండలి వచ్చిన ఏడాదే కలరా మళ్లీ వచ్చింది, ఈసారి న్యూయార్క్‌లో పెద్దగా పాకలేదు.

నల్లవాళ్లు మాత్రం ఆ ఇళ్లు బాగుపడేదాకా ఆగలేదు. 1865 జనగణనలో వాళ్ల సంఖ్య 10 వేల లోపుకు పడిపోయింది. కొందరు ఈస్ట్ రివర్ దాటి బ్రూక్లిన్‌లో వీక్స్‌విల్‌కు పోయారు. 1838లో జేమ్స్ వీక్స్ అనే రేవు కూలీ స్థలం కొనడంతో మొదలైన నల్లవాళ్ల ఊరది. ఆ జులై గొడవల్లో పాస్టర్ హెన్రీ హైలాండ్ గార్నెట్ కూతురు గుంపు వస్తున్నదని విని తలుపు మీదున్న తండ్రి పేరుపలకను గొడ్డలితో పీకేసి కుటుంబాన్ని కాపాడుకుంది. ఎనిమిది నెలలకు, 1864 మార్చి 5న, రైకర్స్ దీవిలో తర్ఫీదు పొందిన 20వ నల్లజాతి పటాలం యూనియన్ స్క్వేర్‌లో జెండాలు అందుకుని నగరవీధుల్లో కవాతు చేసింది. చీటీల్లో పేరు రాయడానికి పనికిరారన్నవాళ్లు తమంతట తాము వచ్చి చేరిన పటాలం అది. చూడవచ్చిన జనం చప్పట్లు కొట్టారు. జులైలో రాళ్లు పట్టుకున్న చేతులు అందులో ఎన్నున్నాయో ఎవరూ రాయలేదు.

వాండెవాటర్ వీధిలో నల్లనావికుల వసతిగృహం నడిపే ఆల్‌బ్రో లయన్స్ ఇంటి మీద ఆ జులైలో గుంపు పదేపదే పడింది. భార్యాభర్తలు లోపలే ఉండి ఎదిరించారు. చివరికి అంతా పోయాక పోలీసులు వాళ్లను రేవు దాటించారు. కుటుంబం రోడ్ ఐలాండ్‌లో ప్రావిడెన్స్ చేరింది. అక్కడ ఉన్నత పాఠశాలలో నల్లపిల్లను చేర్చుకునేది లేదన్నారు. వాళ్ల కూతురు మారిచాకు అప్పుడు పదహారేళ్లు. రాష్ట్ర శాసనసభ ముందు నిలబడి తన మాట తానే చెప్పింది. 1866లో ఆ రాష్ట్రం వేరు బళ్ల పద్ధతి ఎత్తేసింది. 1869లో ఆమె ఆ పాఠశాలలో పట్టా పుచ్చుకుని తిరిగి బ్రూక్లిన్ వచ్చి, దాదాపు యాభై ఏళ్లు పాఠాలు చెప్పింది. ముసలితనంలో తన జ్ఞాపకాలు రాసిపెట్టింది. లయన్స్ ఇంటి సంగతి మనకు తెలిసింది ఆ కాగితాల వల్లే.

వచ్చే సంచికలో పడమటికి వెళదాం. 1871 అక్టోబరు 24, లాస్ ఏంజెలెస్. ఈసారి గుంపు ముందున్నది చైనీయుల వీధి.

(సశేషం)